పదిహేడు స్టీలు డబ్బాలు

నేను మా వంటగదిని సర్దిన నాటికి మా ఆవిడకి కుడికన్ను దాదాపు పోయింది, ఎడమకన్ను సగం మిగిలింది. ఆ సంగతి మా ఇంట్లో ఒక్క మనిషికే తెలుసు. ఉన్నది ఇద్దరమే. తెలిసిన మనిషి నేను కాదు.

నేను బస్సు డిపోలో స్టోర్స్ చూసేవాణ్ణి. ముప్ఫై మూడేళ్ళు అదే పని. బేరింగులు, బోల్టులు, ఫ్యాను బెల్టులు, బ్రేకు లైనింగులు. ప్రతి వస్తువుకీ ఒక అర, అరకో నంబరు, నంబరుకో బిన్ కార్డు. ఎన్ని వచ్చాయి, ఎన్ని ఇచ్చాం, ఎన్ని మిగిలాయి అన్నది ఆ కార్డులో ఉండి తీరాలి. మెకానిక్ కిటికీలోంచి చెయ్యి చాపితే తలెత్తకుండా తీసి ఇచ్చేవాణ్ణి. వస్తువు దాని చోట లేకపోతే నాకు ఒళ్ళు మండేది. చోటు తప్పిన ఒక స్పానరు కోసం నాలుగు రోజులపాటు ఇద్దరు మనుషులతో మాట్లాడటం మానేశాను. అదీ నా సంగతి.

రిటైరయ్యాక నన్ను నేను ఏ అరలో పెట్టుకోవాలో తెలియలేదు. తెల్లవారకముందే మెలకువ వచ్చేది, వెళ్ళాల్సిన చోటు ఉండేది కాదు. కాలవ గట్టు దాకా నడిచి వచ్చేవాణ్ణి. పేపరు చదివేవాణ్ణి, మళ్ళీ చదివేవాణ్ణి. గుమ్మం దగ్గర చెప్పులు జతలు జతలుగా పెట్టేవాణ్ణి. బెంజ్ సర్కిల్ దగ్గర ఫ్లైఓవర్ నీడలో నిలబడి, వెళ్ళే బస్సుల్లో దేనికి సైలెన్సరు పాడైందో చప్పుడుని బట్టి కనిపెట్టేవాణ్ణి. ఒక రోజు ఏ పనీ లేకుండా హనుమాన్ జంక్షన్ వెళ్ళే బస్సెక్కి, అక్కడ దిగి, టీ తాగి, మళ్ళీ విజయవాడ బస్సెక్కి వచ్చేశాను. ఎక్కడికెళ్ళారని మా ఆవిడ అడిగితే టీ తాగడానికన్నాను. ఇంట్లో పాలు విరిగాయా అంది. కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నానని ఆవిడకి అర్థమైంది. నాకే అర్థం కాలేదు.

అప్పుడు ఇల్లు సర్దడం మొదలుపెట్టాను. కరెంటు బిల్లులు తీగకి గుచ్చాను. తాళాలకి కొక్కేలు కొట్టి, ప్రతి తాళంచెవికీ అట్టముక్క కట్టాను. బీరువాలో చీరలు రంగుల వారీగా పెట్టబోతే ఒప్పుకోలేదు కానీ, దుప్పట్లు నా ఇష్టానికి వదిలేసింది. ఏ గదిలో ఏం చేసినా ఊరుకుంది. ఒక్క మాట మాత్రం నాలుగైదుసార్లు చెప్పింది.

"వంటింటి జోలికి మాత్రం రామాకండి."

నేనా మాట చెవిన వేసుకోలేదు. నిజం చెప్పాలంటే ఇంటి మొత్తంలో నన్ను నిలవనీయనిది ఆ వంటిల్లే. అక్కడ రెండు అరల నిండా పదిహేడు స్టీలు డబ్బాలు. ఏ ఒక్కటీ ఇంకోదానిలా ఉండదు. కొన్ని మా పెళ్ళిలో చదివించినవి, చదివించినవాళ్ళ పేర్లు మూత మీద చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంటాయి. ఒకటి మా మామగారు ఇచ్చింది. ఒకదానికి సొట్ట, ఒకదానికి మూత మీది గుబ్బ ఊడిపోయింది, ఒకదాని మూత బిగుసుకుపోయి పళ్ళు బిగించి లాగితే గానీ రాదు. ఆవాల పక్కన కాఫీపొడి, చింతపండు పక్కన పంచదార. ఒక వరస లేదు, ఒక వావి లేదు. ఒకసారి పంచదార కోసం పదకొండు డబ్బాలు విప్పి చూశాను. అదే తనని అడిగితే హాల్లోంచే చెప్పేది, కింది అరలో సొట్ట డబ్బా వెనకాల అని. ఒక్కసారి కూడా తప్పేది కాదు. అది నాకు ఇంకా ఒళ్ళు మండించేది. మనిషి తలలో తప్ప ఇంకెక్కడా రాసి లేని స్టాకు స్టాకు కాదని నా నమ్మకం.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే అన్నీ కనపడుతున్నాయి. టీవీ సీరియల్ పెట్టి, తను వంటింట్లో ఉండి మాటలు మాత్రం వినేది. సూదిలో దారం నన్నే ఎక్కించమనేది. క్యాలెండరులో తిథి నన్నే చదవమనేది. కాఫీ పోసేటప్పుడు గ్లాసు అంచు లోపల వేలు పెట్టి పోసేది. ఇదేం పద్ధతి, వేలు కాల్చుకుంటావని విసుక్కున్నాను. రోడ్డు దాటేటప్పుడు నా మోచెయ్యి గట్టిగా పట్టుకునేది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఎన్నడూ అలా పట్టుకోని మనిషి. ఇన్నాళ్ళకి మొగుడి మీద ప్రేమ పుట్టుకొచ్చిందని లోలోపల మురిసిపోయాను. సిగ్గు లేకుండా భాయ్‌తో కూడా చెప్పుకున్నాను. భాయ్ అంటే మా డిపోలో హెడ్ మెకానిక్‌గా చేసినాయన, నాకున్న ఒకే ఒక్క స్నేహితుడు.

ఆ ఎండాకాలం అవనిగడ్డలో తన చెల్లెలి కూతురి బిడ్డని ఉయ్యాలలో వేస్తున్నారని పిలుపొచ్చింది. నన్ను కూడా రమ్మంది. దింపి వచ్చేస్తానన్నాను. బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి, వాళ్ళ చెల్లెలి చేతిలో పెట్టి, అదే బస్సులో తిరిగొచ్చాను. నాకు నాలుగు రోజులు దొరికాయి. నాలుగు రోజులూ నాకు ప్రాణం లేచొచ్చింది.

మొదటి రోజు డబ్బాలన్నీ ఖాళీ చేసి, కడిగి, రెండు గోతాల్లో వేసి, ఆటోలో వన్ టౌన్ తీసుకెళ్ళాను. అక్కడ పాత స్టీలు తూకానికి తీసుకుని కొత్త సామాను ఇస్తారు. వాటికి బదులు పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలు పదిహేడు తెచ్చాను. అన్నీ నలుచదరం, అన్నీ ఒకటే కొలత, ఒకదాని పక్కన ఒకటి పెడితే సందు కూడా ఉండదు. రెండో రోజు లేబుళ్ళు రాశాను. నా దస్తూరీ బాగుంటుందని డిపోలో పేరు. మూడో రోజు అక్షరక్రమంలో పేర్చాను. ఆవాలు, ఉప్పు, కందిపప్పు, కాఫీపొడి, కారం, అలా శనగపప్పు దాకా. నాలుగో రోజు అర పక్కన బిన్ కార్డులు వేలాడదీశాను. ఎంత పోశాం, ఎంత తీశాం, ఎంత మిగిలింది. అప్పుడు గుమ్మంలో నిలబడి చూసుకుంటే, రిటైరయ్యాక మొదటిసారి నా కాళ్ళు ఒకచోట నిలిచాయి.

తను వచ్చింది. సంచీ హాల్లో పెట్టి నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. మంచినీళ్ళు తాగి, అలవాటుగా పై అర వైపు చెయ్యి చాపింది. ఆ చెయ్యి గాలిలో కాసేపు ఆగింది. తరవాత మెల్లగా ప్లాస్టిక్ డబ్బా మీద పడింది, దాని పక్కదాని మీద, ఆ పక్కదాని మీద. నేను వెనకాల నిలబడి అక్షరక్రమం గురించి చెప్పుకుపోతున్నాను. ఒక్కో డబ్బానీ తడిమి చూస్తుంటే నా పనితనం చూసి ముచ్చటపడుతోందనుకున్నాను.

నా డబ్బాలేవండీ అని అడిగింది. చెప్పాను. ఎప్పుడిచ్చారంది. నువ్వెళ్ళిన రోజే అన్నాను. పైట చెంగుతో చేతులు తుడుచుకుంది. తడి లేని చేతుల్ని అంతసేపు ఎందుకు తుడుచుకుంటోందా అని మాత్రం అనుకున్నాను.

ఆ తరవాతి వారమంతా నాకు ముళ్ళ మీద కూర్చున్నట్టే గడిచింది. కాఫీ ఆలస్యం, టిఫిన్ ఆలస్యం. డబ్బా తీయడం, మూత విప్పడం, వాసన చూడటం, పెట్టెయ్యడం, ఇంకోటి తీయడం. లేబుల్ కళ్ళెదుట ఉంటే వాసనెందుకు? బిన్ కార్డులో ఒక్క అంకె వెయ్యలేదు. ఉక్రోషమనుకున్నాను. పుట్టింటి డబ్బా పోయిందని నా మీద కక్ష సాధిస్తోందనుకున్నాను. పెట్టిన చోట పెట్టు, పెట్టిన చోట పెట్టు అని రోజుకి పదిసార్లు సాధించాను. ఆ వారంలో తను ఆ వరస మొత్తం బట్టీ పట్టింది. ఎడమ నుంచి రెండోది ఉప్పు, మూడోది కందిపప్పు, ఐదోది కారం. వేళ్ళతో లెక్కపెట్టుకుని తీసేది. నాకది కూడా అప్పుడు తెలియదు.

ఆదివారం భాయ్‌ని భోజనానికి పిలిచాను. పిలిచింది భోజనానికి కాదు, వంటిల్లు చూపించడానికి. పొద్దున్నే బజారుకెళ్ళి కూరగాయలతోపాటు అటుకులు, అదే కొలత డబ్బా ఇంకోటి తెచ్చి, అందులో పోశాను. అక్షరక్రమంలో అటుకులు ఆవాల కంటే ముందు రావాలి. రావాలంటే మిగతావన్నీ ఒక్కో స్థానం కుడివైపుకి జరగాలి. జరిపాను. తనకి చెప్పలేదు. లేబుళ్ళున్నాయి కదా. తనకి పడిశెం పట్టి మూడు రోజులుగా ముక్కు పనిచెయ్యడం లేదు. అదీ నాకు పట్టలేదు.

భాయ్ వంటిల్లు చూసి తెగ మెచ్చుకున్నాడు. కళ్ళు మూసుకుని ఏ వస్తువైనా తీయొచ్చని నేను గొప్పలు పోయాను. ఆయన నవ్వాడు. ఇద్దరం కూర్చున్నాం. తను గుత్తివంకాయ కూర వడ్డించింది. భాయ్ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. తరవాత నిదానంగా నమిలి, ఇంకో ముద్ద కలుపుకున్నాడు. నేను నోట్లో పెట్టుకున్నాను. వంకాయలో కారం లేదు. కాఫీపొడి ఉంది.

భాయ్ ఆ కూరంతా తిన్నాడు. మజ్జిగ పోసుకున్నాడు, బాగుందన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. గేటు దాకా వెళ్తే నా భుజం మీద చెయ్యి వేసి అన్నాడు.

"చెల్లెమ్మని ఏమీ అనమాకండి సార్."

అనకుండా ఉంటానా? లోపలికొచ్చి గొంతు చించుకున్నాను. వచ్చినవాడి ముందు నా పరువు తీశావన్నాను. డబ్బాలు పోయాయన్న కోపం కూరలో చూపిస్తావా అన్నాను. తను కూర గిన్నె పట్టుకుని నిలబడింది. ఐదోది కారమేగా అంది, తనలో తను అనుకున్నట్టు. పొద్దున అటుకులొచ్చాయి కాబట్టి ఆరోదైందన్నాను. అర దగ్గరికి వెళ్ళి లేబుల్ మీద వేలితో కొట్టాను.

"ఇంత లావు అక్షరాలు రాశాను. కనపడటంలా నీకు?"

"కనపడటంలా అండీ."

ఎదురు సమాధానం అనుకున్నాను. ఇంకో మాట అనబోయాను కూడా. కానీ ఆ గొంతులో ఎదిరింపు లేదు. గిన్నె స్టవ్ మీద పెట్టడానికి వంగి, ముందు చేత్తో స్టవ్ అంచు వెతుక్కుంది. అప్పుడు చూశాను. అంతకు ముందు ఎన్నిసార్లు నా కళ్ళ ముందు అలా వెతుక్కుందో, నేను మొదటిసారి చూడటం అప్పుడే. డబ్బా తీసి తన ముఖం ముందు పెట్టాను. తను మెడ పక్కకి తిప్పి, దాన్ని ఎడమకంటికి ఎదురుగా తెచ్చుకుని చూసింది. ఏదో తెల్లగా ఉందంది.

కూర్చున్నాం. వంటింటి గచ్చు మీదే కూర్చున్నాం. నిరుడు వానాకాలం నుంచీ కుడికంటికి పొగలా కమ్మిందంది. ఎడమకంటితో గొట్టంలోంచి చూసినట్టు నడిమధ్యది మాత్రం మసగ్గా కనపడుతుందంది. డబ్బాలుంటే ఇబ్బంది ఉండేది కాదట. సొట్ట తగిలితే కందిపప్పు, చుక్కలు తగిలితే బియ్యప్పిండి, గుబ్బ లేకపోతే ఉప్పు. చేతికన్నీ తెలిసేవి. ఇప్పుడన్నీ ఒకటే నునుపు, అన్నిటికీ అవే మూలలు అంది. నేను ఏడాది నుంచి ఎందుకు చెప్పలేదని అరిచాను. అరుపు కాదది, ఏడుపు.

"చెబితే అత్తయ్యని కూర్చోబెట్టినట్టు నన్నూ కూర్చోబెడతారని."

మా అమ్మకి చివర్లో చూపు తగ్గింది. నేను మంచి కొడుకుని. కత్తిపీట చేతిలోంచి తీసేశాను. పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. నీకెందుకమ్మా, హాయిగా కూర్చో అని వరండాలో కుర్చీ వేశాను, రేడియో పెట్టాను. ఊళ్ళో వాళ్ళంతా నన్ను మెచ్చుకున్నారు. అమ్మ రెండేళ్ళు కూర్చుంది. ఒక చేట ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో ఏరుతూ ఉండేది. కాలక్షేపానికి ఏవో మినుములు ఏరుకుంటోందనుకునేవాణ్ణి. ఎప్పుడూ దగ్గరికెళ్ళి చూడలేదు.

"ఆ చేటలో ఏమీ ఉండేది కాదండీ. ఒట్టి చేట. నేను రోజూ చూసేదాన్ని" అంది మా ఆవిడ.

ఆ మాట విన్నాక ఆ రోజంతా ఒకచోట కూర్చోలేకపోయాను, ఒకచోట నిలబడలేకపోయాను. మర్నాడే కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. నీటికాసులు, అంటే గ్లాకోమా అన్నాడు. పోయిన చూపు రాదు, ఉన్నది నిలుపుకోవచ్చు, చుక్కలు రోజూ వేళ తప్పకుండా వెయ్యాలి అన్నాడు. ఏడాది ముందు వచ్చి ఉంటే అని మొదలుపెట్టి, నా ముఖం చూసి ఆగిపోయాడు. ఆ వాక్యం ఆయన పూర్తి చెయ్యకపోయినా నేను రోజూ పూర్తి చేసుకుంటూనే ఉన్నాను.

ఆటోలో ఇంటికొస్తూ నేను అనబోయిన మొదటి మాట ఏమిటో చెబితే మీరు నమ్మరు. వంటమనిషిని పెడదాం, ఇక నువ్వు హాయిగా కూర్చో. నోరు తెరిచాను కూడా. తను నా వైపు తిరిగింది, ఎదురుచూస్తున్నట్టు. ఆ మాట మింగేసి, రేపేం కూర అని అడిగాను. తను అటు తిరిగి దొండకాయ అంది. నా మోచెయ్యి మాత్రం వదల్లేదు.

మర్నాడు వన్ టౌన్ వెళ్ళాను. ఆ షాపతను నన్ను గుర్తుపట్టాడు కానీ, నా బాధ అర్థం కాలేదు. మెరిసే డబ్బాలు ఇచ్చానుగా, ఆ పాత సొట్టలెందుకండీ అన్నాడు. సగం సరుకు అప్పటికే కరిగించడానికి వెళ్ళిపోయింది. వెనక గోడౌన్లో గోతాలు నన్నే వెతుక్కోమన్నాడు. మధ్యాహ్నం దాకా చెమటలు కక్కుతూ వెతికాను. తొమ్మిది దొరికాయి. సొట్టది దొరికింది, గుబ్బ లేనిది దొరికింది. మా మామగారిది దొరకలేదు.

తొమ్మిదీ గచ్చు మీద పెట్టాను. తను చుట్టూ కూర్చుని ఒక్కోదాన్నీ తడిమింది. సొట్టదాన్ని పట్టుకున్నప్పుడు నవ్వింది. మామగారి డబ్బా రాలేదని చెప్పాను. తెలిసిందిలే, చేతికి తగల్లేదుగా అంది. ఇంకేమన్నా తిడితే బాగుండేది. తిట్టలేదు. మిగిలిన ప్లాస్టిక్ డబ్బాలకి తనే దారి చూసుకుంది. ఒకదానికి రబ్బరు బ్యాండు, ఒకదానికి పాత గాజు, ఒకదాని మూతకి గుడ్డపీలిక. ఎక్కడ ఏది పెట్టాలో తను చెప్పింది, నేను పెట్టాను. ఆవాల పక్కన కాఫీపొడి. చింతపండు పక్కన పంచదార. చేతిలో పెన్ను పట్టుకుని రాసుకోబోతే లాగేసుకుంది. ఒకే ఒక్కటి అడిగింది, తీసినది తీసినట్టే పెట్టమని. బిన్ కార్డులు నేనే చింపేశాను.

ఇప్పుడు పొద్దున ఆరింటికి ఒక చుక్క, సాయంత్రం ఆరింటికి ఒక చుక్క. ముప్ఫై మూడేళ్ళ నా చాదస్తం ఆ రెండు చుక్కలకి పనికొస్తోంది. ఒక్క పూట కూడా తప్పలేదు. మిగిలిన పగలంతా మళ్ళీ మామూలే. కాలవ గట్టు, పేపరు, గుమ్మం దాకా వెళ్ళడం, రావడం. భయం కొత్తగా చేరింది. వంటింట్లో ఏ గిన్నె చప్పుడైనా లేచి నిలబడతాను. లోపలికెళ్ళి సాయం చేస్తానంటే తిడుతుంది, వెళ్ళకపోతే నాకు కాళ్ళు ఆడవు.

మొన్న మా పొలం కౌలుకి చేసే రైతు మినుములు తెచ్చాడు. దాళవా వరి, అంటే రెండో పంట మానేసి వేసిన మినుములు, నిండా మట్టిబెడ్డలు. అదే నలుపు, అదే గుండ్రం, వేళ్ళకి తేడా తెలియదు, కళ్ళుండాలి. నేను ఆ పూట హాల్లో పదోసారో పదకొండోసారో అటూ ఇటూ తిరుగుతున్నాను. తను వంటింట్లోంచి గోడ పట్టుకుంటూ వచ్చింది. కూర్చోమంది. కూర్చున్నాను. నా ఒళ్ళో ఏదో పెట్టింది. చూస్తే చేట.

"ఊరికే కూర్చుంటే మనిషి పోతాడండీ. ఇవి ఏరిపెట్టండి, రేపు గారెలు చేస్తాను."

చేట నిండా మినుములున్నాయి. నేను తలొంచుకుని బెడ్డలు ఏరడం మొదలుపెట్టాను. అడుగు కనపడే వేళకి తను మళ్ళీ వచ్చి, చేత్తో తడిమి చూసి, ఇంకో సోలెడు పోసి వెళ్ళింది.